ఏమవుతుందో తమ్ముడు, ఏమీ కాదక్క

మార్చి 4

తమ్ముడికి,

ఇకమీదట నీకు ఫోన్ చేయను. ఉత్తరాలే. కారణం చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

మొన్న ఆదివారం నేను ఫోన్ చేసింది నీ కాలరు కొలత అడగడానికి. నేను "హలో" అన్నానో లేదో, "ఎవరికేమైంది?" అన్నావు. ఎవరికీ ఏమీ కాలేదన్నాను. "మరి గొంతు అలా ఉందేం?" అన్నావు. పంటి కింద గుండుసూది పెట్టుకుని మాట్లాడుతున్నానన్నాను. అంతే. మింగిన గుండుసూది పేగుల్లో ఎన్ని మలుపులు తిరగాలో పావుగంట చెప్పావు. పక్క గదిలో మరదలు ఎవరో నిజంగానే మింగారనుకుని ఏడుపు అందుకుంది. కాలరు కొలత మాత్రం తేలలేదు. ఉత్తరమైతే నువ్వు నా మాటకు అడ్డం రాలేవు.

మరదలు అంతా చెప్పింది. డ్రైవింగ్ స్కూలు యజమాని నీకు మూడు నెలలు గడువిచ్చాడట. ఈ ఏడాది పదకొండు మంది నీ మొదటి పాఠం విని రెండో రోజు రాలేదట. అందులో ఒకాయన సైకిలు తొక్కడం కూడా మానేశాడట. ఒరేయ్, నువ్వు నేర్పాల్సింది కారు నడపడం, కారు కింద పడి పోవడం కాదు. ఇరవై ఆరేళ్ళు పక్క సీట్లో కూర్చుని రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికావు. కారు దిగినా నీ కాలు ఆ బ్రేకు మీదే ఉంటోంది. అదీ నీ జబ్బు.

నన్ను చూడు. మీ బావ పోయి ఆరేళ్ళు. కింద దర్జీ కొట్టు, పైన ఒక గది, ఒక్కదాన్నే. ఎవరు అడిగినా "బాగున్నాను" అంటాను. అనగా అనగా అదే నిజమవుతుంది. మొన్ననే మెషిన్ని గోడ పక్కనుంచి తీసి కిటికీ దగ్గర వేయించాను. గాలి, వెలుతురు, వీధిలో పోయే మనుషులు. ఎంత హాయిగా ఉందో!

కొలత రాయి. నీకో నల్ల చొక్కా కుడతాను.

ఏమీ కాదని నమ్మే,
మీ అక్క


మార్చి 12

అక్కకి,

"ఇక్కడ అందరం క్షేమం" అనే మొదలుపెడదామని కూర్చున్నాను. కానీ రాసేటప్పుడు క్షేమంగా ఉన్నవాళ్ళు నీకు ఉత్తరం అందేసరికి ఎలా ఉంటారో నేనెలా హామీ ఇవ్వను? ఈ పూటకి క్షేమం.

కాలరు పదహారు. మెడ కాస్త వాచినట్టు అనిపిస్తోంది, పదహారున్నర పెట్టు.

పదకొండు మంది కాదు, తొమ్మిది మందే. ఇద్దరు ఊరు మారారు. (నా వల్ల కాదు.) మొదటి పాఠంలో నేను చెప్పేది పద్నాలుగు విషయాలు. టైరు పేలొచ్చు. బ్రేకు పడకపోవచ్చు. ఎదురొచ్చేవాడు కునుకు తీస్తూ ఉండొచ్చు. కుక్క అడ్డం రావచ్చు. కుక్కని తప్పిస్తే కుక్క వెనక మనిషి ఉండొచ్చు. ఇవన్నీ నిజాలే కదా? "నిజాలేనండీ, కానీ మీరు బండి తాళం తిప్పకముందే చెప్పేస్తున్నారు" అంటాడు యజమాని.

ఆయనే నన్ను రెండు రోజుల క్లాసుకి పంపాడు. మంచిగా ఆలోచించడం నేర్పుతారట. టై కట్టుకున్న ఒకాయన సగం నీళ్ళున్న గ్లాసు బల్ల మీద పెట్టి, ఏం కనిపిస్తోందని అడిగాడు. అందరూ సగం నిండిందన్నారు. నా వంతు వచ్చింది. "మిగతా సగం ఎవరు తాగారు? ఇప్పుడు వాళ్ళెలా ఉన్నారు?" అన్నాను. పొద్దుటినుంచీ ఆ గ్లాసులో తాగుతున్నది ఆయనే. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.

రెండో రోజు చేతికి అద్దం ఇచ్చి, అందులో చూసుకుంటూ "నేను గెలుస్తాను" అని ఇరవై సార్లు అనమన్నారు. పదోసారి అంటుంటే నాలుక మీద తెల్లటి పూత కనిపించింది. మిగతా పది సార్లూ నాలుకే చూసుకున్నాను.

అందుకని నీ పద్ధతే మేలనిపిస్తోంది. భయం వేసినప్పుడు ఏం చేయాలో వివరంగా రాయి, తు.చ. తప్పకుండా చేస్తాను. అక్కా, నా చేతికింద నేర్చుకున్నవాళ్ళు కొన్ని వందల మంది రోడ్ల మీద తిరుగుతున్నారు. ఒక్కరి ఒంటి మీద గీత పడలేదు. ఈ పని పోతే నేనెవర్నో నాకే తెలియదు.

కొత్తగా ఒకావిడ చేరింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అరవై రెండేళ్ళు. పద్నాలుగు ప్రమాదాలూ చెప్పినా పారిపోలేదు. నోటుబుక్కులో నంబర్లు వేసి రాసుకుని, "తొమ్మిదోది మళ్ళీ చెప్పండి మాస్టారూ" అంది. నాకు ఇది ఇంకా భయంగా ఉంది.

అన్నట్టు, అన్నేళ్ళు గోడ పక్కనున్న మెషిన్ని ఇప్పుడెందుకు కదిపావు? కిటికీలోంచి జల్లు కొట్టి మోటారు తడిస్తే?

ఇప్పటివరకైతే బాగానే ఉన్న,
తమ్ముడు


మార్చి 21

తమ్ముడికి,

నా పద్ధతి చాలా తేలిక. భయం రాగానే కళ్ళు మూసుకో. "ఏమీ కాదు" అని మూడుసార్లు గట్టిగా అనుకో. కళ్ళు తెరువు. అంతే. భయమనేది అరువడగడానికి వచ్చినవాడి లాంటిది, తలుపు తీయకపోతే కాసేపు కొట్టి వెళ్ళిపోతుంది.

ఉదాహరణకి, మొన్న మెషిన్ సూది వేల్లో దిగింది. ఇంకొకరైతే వీధంతా పోగుచేసేవాళ్ళు. నేను ఏమీ కాదనుకున్నాను, గుడ్డ చుట్టాను, మానిపోయింది. ముప్పై రెండేళ్ళ పనిలో ఇదే మొదటిసారి. అదీ చూశాం అనుకున్నాను. ఆ మర్నాడు వకీలమ్మ వచ్చి, తన కోటు లోపలి జేబు బయటికి కుట్టానంది. "ఇప్పుడంతా ఇలాగే వేసుకుంటున్నారమ్మా" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. చూశావా, మాటలోనే ఉంది అంతా.

నా దగ్గర పదేళ్ళుగా కాజాలు కుడుతోందే, మన కాజాలావిడ, ఈ మధ్య నన్ను చూసి ఊరికే నిట్టూరుస్తోంది. ఆవిడకీ ఈ పద్ధతే నేర్పుతున్నాను.

ఒక్కటే ఇబ్బంది. బల్బులు మునుపటిలా రావడం లేదు. ఎంత పెద్దది పెట్టినా పొగ మధ్యలో వెలిగినట్టుంటోంది. నాలుగు మార్చాను. చేసేవాళ్ళలో నాణ్యం పోయింది.

నల్ల చొక్కా ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను.

నిశ్చింతగా ఉన్న,
అక్క


ఏప్రిల్ 3

అక్కకి,

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. నేను పూల నర్సరీలో పడ్డాను.

ముందే చెబుతున్నా, ఎవరికీ గీత పడలేదు. మొన్న మంగళవారం హెడ్‌మిస్ట్రెస్ గారు బండి నడుపుతున్నారు. ఎదర మలుపు. "మాస్టారూ, ఇక్కడ ఏమవుతుంది?" అని అడిగారు. నా నాలుక చివర నాలుగు సమాధానాలు ఉన్నాయి. నీ మాట గుర్తొచ్చింది. "ఏమీ కాదమ్మా" అన్నాను. రెండో బ్రేకు మీంచి కాలు తీశాను. కళ్ళు మూసుకున్నాను. మూడోసారి "ఏమీ" అంటూ ఉండగా కంచె విరిగిన చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి బానెట్ మీద ఒక మందార మొక్క కుండీతో సహా నిటారుగా నిలబడి ఉంది. పదిహేడు కుండీలు పగిలాయి. బంపరు ఊడింది.

ఆవిడ ఇంజిన్ ఆపి, కళ్ళజోడు సర్దుకుని, నావైపు తిరిగింది. అక్కా, ఈ వయసులో నాకు బెంచీ ఎక్కాలనిపించింది.

"మీరు ఏమీ కాదన్నారు. అయింది. ఇప్పుడేం చేయాలో మీ దగ్గర పాఠం లేదు. మీ పాత పాఠమే నయం. కాకపోతే అందులోవన్నీ సగం వాక్యాలు. 'టైరు పేలొచ్చు.' ఫుల్‌స్టాప్. 'బ్రేకు పడకపోవచ్చు.' ఫుల్‌స్టాప్. మా స్కూల్లో దీనికి సగం మార్కులే. అక్కడ ఆగకండి మాస్టారూ, కామా పెట్టండి. 'టైరు పేలొచ్చు, అప్పుడు స్టీరింగు గట్టిగా పట్టుకుని, బ్రేకు తొక్కకుండా, మెల్లగా పక్కకి తీస్తాం.' అదీ పూర్తి వాక్యం. ఇక 'ఏమీ కాదు' అన్నది వాక్యమే కాదు, జోలపాట."

ఆ రోజు నుంచి ఇద్దరం కూర్చుని పద్నాలుగు వాక్యాలూ పూర్తి చేస్తున్నాం. నేను ఎక్కడైనా బిగుసుకుపోతే ఆవిడే పక్కనుంచి "కామా, మాస్టారూ, కామా" అంటుంది. ఇన్నేళ్ళకి కామా విలువ తెలిసింది. నీకూ కామా అవసరమేమో ఆలోచించు.

చొక్కా అందింది. ఒంటికి అతికినట్టుంది. అంతా నలుపు, ఎడమ చెయ్యి మాత్రం ముదురు నీలం. మొదట అర్థం కాలేదు. తర్వాత తట్టింది. మనసంతా నల్లగా ఉన్నా ఒక పక్కన కాస్త ఆకాశం ఉంచుకోమని కదా నీ భావం? నోటితో చెప్పకుండా చేత్తో చెప్పావు. వేసుకుని స్కూలుకెళ్ళి యజమానికి కూడా ఆ అర్థం వివరించాను.

కృతజ్ఞతతో,
తమ్ముడు


ఏప్రిల్ 10

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పెద్దావిడ నీ కారులో కూర్చుని కోమాలోకి పోతే, ఆ సంగతి పూలకుండీల లెక్క చెప్పాక తీరిగ్గా రాస్తావా? పైగా "ఇన్నేళ్ళకి కోమా విలువ తెలిసింది" అట! విలువేమిట్రా? ఆవిడ పిల్లలు వింటే ఏమనుకుంటారు? కోమాలో ఉన్న మనిషి నీ పక్కన కూర్చుని "కోమా, మాస్టారూ, కోమా" అంటోందని రాశావు. అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది. నీ మనసు బాగా చెదిరింది. చివర్న "నీకూ కోమా అవసరమేమో" అన్నావు. తోడబుట్టినదాన్ని అనే మాటేనా అది?

సరే, ఏమీ కాదు. ఆవిడ లేస్తుంది. రోజూ వెళ్ళి పలకరించి రా. పళ్ళు మాత్రం పట్టుకెళ్ళకు, తినలేదు.

ఇక చొక్కా. నేను కుట్టింది నల్ల చొక్కా. ఒళ్ళు నలుపు, కాలరు నలుపు, రెండు చేతులూ నలుపు. ఒకే తానులో కత్తిరించాను. అందులో భావమూ లేదు, ఆకాశమూ లేదు. నల్ల చెయ్యి నీలంగా కనిపించిందంటే పాడైంది నీ కళ్ళు. అస్తమానం చీకటే చూసేవాడికి కళ్ళు ఎన్నాళ్ళని బాగుంటాయి? వెంటనే డాక్టరుకి చూపించుకో. కళ్ళ విషయంలో మొండితనం పనికిరాదు. అలాంటివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట.

పెన్ను కూడా మార్చు. నీ అక్షరాలు అలుక్కుపోయినట్టుంటున్నాయి.

నీ గురించి కొంచెం, కొంచెమే, కంగారుపడుతున్న,
అక్క


ఏప్రిల్ 22

అక్కకి,

కామా. కోమా కాదు. క-కి దీర్ఘం, మ-కి దీర్ఘం. వాక్యం మధ్యలో తోకలా వేలాడుతుందే, అది. హెడ్‌మిస్ట్రెస్ గారు నిక్షేపంగా ఉన్నారు. నీ ఉత్తరం చూపిస్తే ఆవిడ నవ్విన నవ్వుకి బండి కదిలింది. హ్యాండు బ్రేకు వేసి ఉంది కాబట్టి సరిపోయింది.

నువ్వు చెప్పినట్టే కంటి ఆసుపత్రికి వెళ్ళాను. ఆ చొక్కాతోనే వెళ్ళాను. వెళ్ళేముందు నీ మరదలి మొహం, మన ఇంటి గుమ్మం, నా పాత కారు తాళాలు అన్నీ ఒకసారి తనివితీరా చూసుకున్నాను. డాక్టరమ్మ చుక్కలు వేసి, దీపం పెట్టి, అక్షరాలన్నీ చదివించింది. "మీ కళ్ళు నాకంటే బాగున్నాయి" అంది.

"అయితే ఈ చెయ్యి నల్లగా ఎందుకు కనిపించడం లేదండీ?" అన్నాను.

"నీలం కాబట్టి."

నమ్మలేదు. నర్సుని పిలిచింది. నీలం అంది. చీటీలిచ్చే ఆయన్ని పిలిచింది. నీలం. బయట కూర్చున్నవాళ్ళలో కంటికి కట్టు లేనివాళ్ళందరినీ అడిగాం. తొమ్మిది మందీ నీలమే అన్నారు. అప్పుడు డాక్టరమ్మ చొక్కా చేతిని పట్టుకుని కుట్టు చూసి, మెల్లగా అడిగింది: "ఇది కుట్టింది ఎవరండీ? ఆవిడని తీసుకురండి."

అక్కా, ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి మారిన మెషిన్. పొగలో వెలిగే బల్బులు. వేల్లో దిగిన సూది. బయటికొచ్చిన జేబు. నీ రాత వరసలు కాగితం మీద కిందికి జారుతున్నాయి. మొన్నటి ఉత్తరంలో ఆఖరి రెండు మాటలు కాగితం దాటి వెళ్ళిపోయాయి, అవి బహుశా నీ బల్ల మీద ఉండి ఉంటాయి.

డాక్టరమ్మ అనుమానం ప్రకారం ఇది శుక్లమట. తీసేయొచ్చట. ఎప్పుడూ చెడే ఊహించే నేనే చెబుతున్నాను, ఇది బాగయ్యేదే. వెంటనే చూపించుకో.

ఉత్తరం అందగానే జవాబు రాయి. పెద్ద అక్షరాలతో రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 30

తమ్ముడికి,

నాకేం కాలేదు. వీధి చివరి బోర్డు ఇక్కడినుంచే గడగడా చదువుతాను. ముప్పై రెండేళ్ళుగా ఈ వేళ్ళే నాకు కళ్ళు. నీ భయాలు తీర్చమని నువ్వడిగావు, నేను పద్ధతి చెప్పాను. తిరిగి నాకే వైద్యం మొదలుపెట్టావా? చొక్కా నచ్చకపోతే తిప్పి పంపు. దాని గురించి ఊరందరిచేతా సాక్ష్యాలు చెప్పించనక్కర్లేదు.

అంతా బాగానే ఉంది.

అక్క

తమ్ముడుగారికి, ఇది అక్క కళ్ళబడదు కాబట్టి ధైర్యంగా కింద రాస్తున్నాను. కవరు మీద అడ్రసు రాసేది నేనే. వీధి చివరి బోర్డు తీసేసి మూడు నెలలైందండీ. ఏడాదిన్నరగా సూదుల్లో దారం ఎక్కించేది నేను. దారపు రీళ్ళు రంగుల వారీగా వరసపెట్టేది నేను. మీ చొక్కా కుట్టిన వారం మా కోడలి కాన్పుకని సెలవు పెట్టాను, అందుకే ఆ చెయ్యి అలా తగలడింది. ఏమన్నా అంటే "ఏమీ కాదు" అని మూడుసార్లు అనమంటారు. అంటున్నాను. మొన్న మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని కాలేశారు. నన్ను పట్టుకున్నారు కాబట్టి పడలేదు. నేను లేని రోజు ఎవర్ని పట్టుకుంటారండీ? — కాజాలావిడ (మీరిద్దరూ నన్ను ఇలాగే అంటారని తెలుసు)


మే 9

అక్కకి,

మీ కాజాలావిడ రాసినదాని ప్రకారం ఆ బోర్డు తీసేసి మూడు నెలలైంది. మెట్ల సంగతి కూడా తెలిసింది. ఆవిడని ఏమీ అనకు. అంటే ఇంకెవరూ నీకు దారం ఎక్కించరు.

ఒక మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. ఆరేళ్ళ కింద నువ్వు ఫోన్ చేసి "హలో" అన్నావు. మామూలుగానే అన్నావు. నేను మా గేటుకి వేసిన కొత్త రంగు గురించి వాగడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు వాగాను. నువ్వు విన్నావు. తర్వాత "మీ బావ పోయాడురా" అన్నావు. ఆ రెండు నిమిషాల సిగ్గు నన్ను వదల్లేదు. అందుకే ఇప్పుడు ఫోన్ ఎత్తగానే ముందు అదే అడిగేస్తాను. చెడుని నేనే ముందు పలకరిస్తే అది నన్ను వెనకనుంచి పొడవదని.

నేను రోడ్డు మీద లేని గోతులన్నీ చూస్తాను. నువ్వు కళ్ళు మూసుకుని గోతులు లేవంటావు. అక్కా, మనిద్దరిలో ఎవరమూ రోడ్డు చూడటం లేదు.

డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఆపరేషన్ గురించి ఇరవై రెండు ప్రశ్నలు అడిగి వచ్చాను. కంట్లో పనిముట్టు పెడతారు, కానీ ముందే మత్తు చుక్కలు వేస్తారు, అరగంట కూడా పట్టదు. మధ్యలో నీకు తుమ్ము రావచ్చు, అప్పుడు ముందుగా నోటితో చెప్పాలి, వాళ్ళు చెయ్యి ఆపుతారు. కుదరకపోవచ్చు, అది చాలా అరుదట, దానికీ తర్వాత చేసే పని వాళ్ళకి ఉంది, రాసుకున్నాను. ఒక కన్ను చేసి, అది కుదుటపడ్డాక రెండోది చేస్తారు, కాబట్టి ఒకేసారి రెండూ పోయే ప్రశ్నే లేదు. "మీరు చాలా ఆశావాది అండీ, ఇంత ముందుచూపు ఎవరికీ ఉండదు" అంది డాక్టరమ్మ. ఆశావాది అట! నీ మరదలికి చెబితే చేతిలో గరిటె జారవిడిచింది.

నువ్వు ఒక తేదీ పెట్టించుకో. నేను వస్తాను.

తమ్ముడు


మే 18

తమ్ముడికి,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే కాజాలావిడ రాస్తోంది. అందుకే వరసలు తిన్నగా ఉన్నాయి.

నీ ఉత్తరం కూడా ఆవిడే చదివి వినిపించింది. "మీ కాజాలావిడ రాసినదాని ప్రకారం" అన్నచోట ఆవిడకి దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చి నాకిచ్చింది. (దగ్గు నిజంగానే వచ్చిందండీ.) మధ్యలో నీ సొంత మాటలు రాయకు. (సరే.)

ఒరేయ్, నువ్వు గేటు రంగు గురించి చెప్పిన ఆ రెండు నిమిషాలు నాకెంత హాయిగా ఉన్నాయో నీకు తెలియదు. ఆ రోజు మొత్తంలో మామూలుగా గడిచినవి అవే. దానికి నువ్వు ఆరేళ్ళు సిగ్గుపడ్డావా?

నేనూ ఒకటి చెప్పలేదు. ఆ పొద్దున మీ బావ ఛాతీ పట్టుకుని కూర్చుంటే, "ఏమీ కాదు, కాసేపు నడుం వాల్చండి" అన్నాను. నేనే అన్నాను. డాక్టరు అప్పుడే చెప్పాడు, ఏమన్నా, ఏం చేసినా తేడా ఉండేది కాదని. నా చెవికెక్కలేదు. ఆ మాట తప్పని ఒప్పుకుంటే ఆ పొద్దున తప్పు నాదే అవుతుంది. అందుకని ఆ మాటనే రోజూ నిజం చేస్తూ వచ్చాను. బాగున్నాను, ఏమీ కాదు, బాగున్నాను.

(ఇక్కడ ఆపి టీ తాగాం.)

నీ భయం సంగతి నువ్వు చెప్పావు కాబట్టి నాదీ చెబుతున్నా. పరీక్ష చేయించుకుని, ఇక బాగుపడదంటే? ఈ ఉన్న కాస్త చూపు ఉందని అనుకుంటూ బతకొచ్చు కదా అని. మీ హెడ్‌మిస్ట్రెస్ గారు చెప్పినట్టు ఆ వాక్యాన్ని కాజాలావిడతో కూర్చుని పూర్తి చేశాను. బాగుపడదంటే, కత్తిరింపు ఆవిడకి నేర్పుతాను, కొలతలు నేను చేత్తో తీస్తాను, వకీలమ్మ కోటు మాత్రం ఒప్పుకోను. చెప్పాక చూస్తే అది అంత పెద్ద కొండేం కాదు.

నిన్న వెళ్ళి చూపించుకున్నాను. శుక్లాలే, రెండు కళ్ళకీ. "ఇన్నాళ్ళూ ఎలా కుట్టారమ్మా?" అన్నాడు ఇక్కడి డాక్టరు. "తప్పుగా" అన్నాను.

జూన్ ఐదున మొదటి కన్ను. బస్సులో రా.

అక్క


జూన్ 16

అక్కకి,

క్షేమంగా ఇల్లు చేరాను. చేరాక రాస్తున్నాను కాబట్టి ఇందులో అబద్ధం లేదు. నువ్వు బస్సులో రమ్మన్నా నా కారులోనే వచ్చానని కోప్పడ్డావు. తిరిగొచ్చేటప్పుడు దారిలో నిజంగానే టైరు పేలింది. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను, బ్రేకు తొక్కలేదు, మెల్లగా పక్కకి తీశాను, చక్రం మార్చుకున్నాను. ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసిన ప్రమాదం పావుగంటలో అయిపోయింది. కాస్త నిరాశగా కూడా అనిపించింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు లైసెన్సు పరీక్షలో తప్పారు. వెనక్కి తీసేటప్పుడు రాయి తగిలింది. నేను కుంగిపోయాను. ఆవిడ దిగి, "తప్పాను," అని, వెంటనే ఆఫీసు కిటికీ దగ్గరికెళ్ళి ఇంకో తేదీ రాయించుకున్నారు. నిన్న పాసయ్యారు. నర్సరీ దాకా బండి నడిపి, ఆపి, ఒక మందార మొక్క కొనిచ్చారు. ఇంట్లో పెట్టాను. దానికి పురుగు పట్టొచ్చు, అప్పుడు మందు కొడతాను.

నా గడువు పన్నెండు రోజుల కిందే దాటింది. యజమాని ఏమీ అనలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను. పారిపోయినవాళ్ళలో నలుగురు తిరిగొచ్చారట, హెడ్‌మిస్ట్రెస్ గారు ఇంటింటికీ వెళ్ళి చెప్పారట. ఇక నుంచి బాగా భయపడేవాళ్ళనందరినీ నాకే ఇస్తానన్నాడు. సైకిలు మానేసినాయన కూడా సోమవారం వస్తున్నాడు.

చుక్కల మందు రోజుకి నాలుగుసార్లు వేసుకుంటున్నావా?

తమ్ముడు


జూన్ 23

తమ్ముడికి,

ఇది నేనే రాస్తున్నాను. నీ ఉత్తరం కూడా నేనే చదివాను. నీ పెన్ను బాగానే ఉంది. నీ చేతిరాతే దరిద్రంగా ఉంది.

కట్టు విప్పిన మర్నాటినుంచి ఈ ఇంట్లో నాకు రోజుకో అవమానం. కొట్టు గోడలు పసుపెక్కాయని కిందటేడు రంగులాయన్ని తిట్టి మళ్ళీ తెల్లరంగు వేయించాను. ఆరిపోయాక చూస్తే మళ్ళీ పసుపే. మళ్ళీ తిట్టాను, మళ్ళీ వేశాడు. ఇప్పుడు చూస్తే గోడలు పాలలా ఉన్నాయి. పాపం, అతను రెండుసార్లూ తెల్లరంగే వేశాడు. పిలిచి క్షమాపణ చెప్పాను. నన్ను చూడగానే నిచ్చెన వెనక్కి వెళ్ళాడు. నాలుగు మంచి బల్బులు కూడా అన్యాయంగా పారేశాను. వకీలమ్మని పిలిచి కోటు జేబు లోపలికి మార్చిచ్చాను. "అయ్యో, ఆ బయటి జేబుకే అలవాటుపడ్డానండీ" అంది. కాజాలావిడ జుట్టు సగం తెల్లబడింది. ఎప్పుడని అడిగితే, "మీ దగ్గరే పనిచేస్తూ" అంది.

ఆవిడ ఇంకోటి కూడా చెప్పింది. నన్ను లోపలికి తీసుకెళ్ళాక నువ్వు వరండాలో జేబులోంచి ఇరవై రెండు ప్రశ్నల కాగితం తీసి చదువుకుంటున్నావట. పక్కన కూర్చున్న ముసలాయన, భార్య లోపల ఉందట, "అందులో తుమ్ము గురించి ఉందా బాబూ?" అని అడిగాడట. నువ్వు చదివి వినిపించావట. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. నర్సు వచ్చేసరికి వరండాలో అందరూ నీ చుట్టూ చేరి ఉన్నారట, ఎవరూ ఏడవడం లేదట. నర్సు ఆ కాగితం తీసుకుని గోడకి అంటించిందట. నాకు ఇదేం చెప్పలేదు నువ్వు. మంచి సంగతులు చెప్పడం కూడా నేర్చుకోరా.

మీ బావ ఫోటో దగ్గరికి మాత్రం మూడు రోజులు వెళ్ళలేదు. నాలుగో రోజు వెళ్ళాను. ఆయన అందులో నవ్వుతున్నాడని నేను అందరికీ చెప్పేదాన్ని. నవ్వడం లేదు. ఎండ మొహాన కొట్టి కళ్ళు చిట్లించాడు. "త్వరగా తియ్యండి" అంటున్నట్టున్నాడు. అచ్చం మనిషి అలాగే ఉండేవాడు, విసుగ్గా. ఏడ్చాను. చుక్కల మందు వేసుకున్న అరగంటకే ఏడవకూడదేమోనని డాక్టరుని కూడా అడిగాను. ఫరవాలేదన్నాడు.

రెండో కన్ను జూలై మూడున. ఒకటి ఇంత బాగా కుదిరింది కదా, ఇదీ కుదురుతుందనే అనుకుంటున్నాను. అయినా భయంగా ఉందిరా. ఈ ముక్క రాసి, ఎలా ఉందో అని రెండుసార్లు చదివి చూసుకున్నాను. అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి.

ముందు రోజే వచ్చెయ్.

అక్క